ఆఫీసు పని చేసుకుంటూనే ఆటవెలది చెక్కర్ కట్టడం, దాంతో కంపెనీ మారడం

సైడ్ ప్రాజెక్ట్ అనగానే టుడూ లిస్టో వెదర్ యాపో మొదలెట్టేవాళ్లకి ముందే చెప్తున్నా, దాన్ని ఎవరూ వాడరు, చేసిన మీరే వాడరు, ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికీ ఏం ఉండదు, ఎందుకంటే అందులో వచ్చే ప్రతి చిక్కుకీ ఎవరో ఒకరు ఆల్రెడీ వీడియో చేసి పెట్టేశారు. సర్వీస్ కంపెనీలో ఏళ్ల తరబడి ఎవరిదో పాత అడ్మిన్ ప్యానెల్‌కి బటన్లు సర్దుతూ జీరాలో (ఆఫీసు పనులు ట్రాక్ చేసే టూల్) టికెట్లు క్లోజ్ చేసేవాళ్లకి ప్రొడక్ట్ కంపెనీకి మారాలంటే సొంత పని ఒకటి చూపించుకోవడానికి ఉండాలి, ఆఫీసు కోడ్ ఎలాగూ బయట చూపించలేం. అందుకే నన్ను అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే ప్రాజెక్ట్, ఆటవెలది, అదే వేమన పద్యాల ఛందస్సు, చెక్ చేసే పేజీ. పద్యం పేస్ట్ చేస్తే ఏది గురువు ఏది లఘువు అని గుర్తులు పెట్టి, గణాలు, అంటే గురులఘువుల గుంపులు, కుదిరాయో లేదో చెప్పాలి, అంతే.

ఛందస్సు చూసే టూల్స్ ఆల్రెడీ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఉంటే ఏంటి, మనం స్టార్టప్ పెట్టట్లేదు. సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్ అక్కర్లేదు, ఏపీఐ కీలు కొనక్కర్లేదు, రూల్స్ కొన్ని వందల ఏళ్ల కిందటే ఎవరో రాసి పెట్టారు, క్లయింట్ వచ్చి మధ్యలో రిక్వైర్‌మెంట్ మార్చడు. ఇంతకన్నా మంచి ప్రాజెక్ట్ స్పెక్ నేనైతే ఏ ఆఫీసులోనూ చూడలేదు.

టెన్త్‌లో చదివి మర్చిపోయినవాళ్ల కోసం రూల్స్ గబగబా. దీర్ఘం ఉంటే గురువు, ఐ ఔ కూడా గురువులే, సున్నా గానీ విసర్గ గానీ ఉంటే గురువు, తర్వాతి అక్షరానికి ఒత్తు ఉంటే ముందున్నది గురువు, పొల్లుతో కలిస్తే గురువు, మిగతావన్నీ లఘువులు. సూర్యగణాలు రెండు, మూడు లఘువులైతే న, గురువు లఘువు అయితే హ. ఇంద్రగణాలు ఆరు, నల అంటే నాలుగు లఘువులు, నగ అంటే మూడు లఘువులు ఒక గురువు, సల అంటే రెండు లఘువులు ఒక గురువు ఒక లఘువు, భ అంటే గురువు రెండు లఘువులు, ర అంటే గురువు లఘువు గురువు, త అంటే రెండు గురువులు ఒక లఘువు. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకి మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాలకి ఐదూ సూర్యగణాలే.

ఎడిటర్ తెరిచే ముందు ఒక్క పాదం కాగితం మీద విడగొట్టుకోండి, దీన్ని మాత్రం దాటెయ్యొద్దు. వేమన పద్యం అందరికీ నోటికొచ్చిందే, ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు. ఉప్పు, ఇందులో ఉ వెనక ప్పు వచ్చింది కాబట్టి ఉ గురువు, ప్పు లఘువు, అంటే హ. కప్పు, మళ్లీ హ. రంబు, సున్నా ఉంది కాబట్టి అదీ హ. నొక్కపో, గురువు లఘువు గురువు, ర గణం. లికనుండు, రెండు లఘువులు ఒక గురువు ఒక లఘువు, సల. మొత్తం పదమూడు అక్షరాలు, మూడు సూర్య, రెండు ఇంద్ర, కరెక్ట్‌గా సరిపోయింది. మిగతా మూడు పాదాలు కూడా ఇలాగే చేసి పెట్టుకోండి, రెండో పాదంలో రుచుల అని న గణం వస్తుంది, మూడో పాదంలో పురుషులు అని నల వస్తుంది, అంటే ఒక్క పద్యంతోనే మీ టెస్టులకి సగం కేసులు దొరికేసినట్టే.

ఇప్పుడు అసలు పని, అక్షరాలు విడగొట్టడం. స్త్రీ అనే మాటకి జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడగండి, 6 అంటుంది. మనకి ఒక్క అక్షరం, దానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి, ఇలా ఆరు ముక్కలు. బ్రౌజర్‌లోనే టెక్స్ట్‌ని అక్షరాలుగా విడగొట్టే సెగ్మెంటర్ అని ఒకటుంది, దాన్ని వాడదాం అనిపిస్తుంది, కానీ తెలుగు ఒత్తుల్ని విడగొట్టకుండా ఒకే అక్షరంగా ఉంచే రూల్ యూనికోడ్‌లోకి (ప్రతి అక్షరం ముక్కకీ ఒక నంబర్ ఇచ్చే స్టాండర్డ్) 2023లో 15.1 వెర్షన్‌తో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో సెగ్మెంటర్ అనేదే 2024లో వచ్చింది, కాబట్టి పాత ఫోన్‌లో ఒకలాగ కొత్త లాప్‌టాప్‌లో ఒకలాగ రిజల్ట్ వచ్చే చాన్స్ ఉంది. మనమే రాసుకుంటే బెటర్, పెద్ద కోడ్ కూడా కాదు.

యూనికోడ్‌లో తెలుగు బ్లాక్ 3072 నుంచి 3199 దాకా. అందులో అచ్చులు 3077 నుంచి 3092, హల్లులు 3093 నుంచి 3129, గుణింతాలు 3134 నుంచి 3148, పొల్లు 3149, అరసున్నా 3073, నిండు సున్నా 3074, విసర్గ 3075. మధ్యలో ఒకటీ అరా ఖాళీలున్నాయి, మనకేం అడ్డం రావు. రెగెక్స్, అంటే టెక్స్ట్‌లో అక్షరాల్ని పట్టుకునే ప్యాటర్న్, ఎలా ఉండాలంటే, ఒక అచ్చు, లేదా ఒక హల్లు, హల్లయితే దాని వెనక పొల్లు-హల్లు జతలు ఎన్నైనా ఉండొచ్చు, ఆ తర్వాత ఉంటే ఒక గుణింతం, ఆపైన సున్నాలో విసర్గో ఉంటే అవి. రాజుల్ లాంటి మాటలో చివర లకి పొల్లు మాత్రమే మిగులుతుంది, దాన్ని ముందున్న జుకి అతికించి జుని గురువు చెయ్యాలి.

టెక్స్ట్ లోపలికి రాగానే రెండు పనులు చెయ్యండి. ఒకటి నార్మలైజ్ ఫంక్షన్ కొట్టడం, ఎందుకంటే ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక ముక్కగానూ రాయొచ్చు రెండు ముక్కలుగానూ రాయొచ్చు. రెండోది 8204 నంబర్ క్యారెక్టర్ ఉంటే తీసెయ్యడం, పొల్లు ఒత్తుగా మారకుండా కీబోర్డులు మధ్యలో పెట్టే కనపడని క్యారెక్టర్ అది. అది తెలుగు బ్లాక్‌లో లేదు కాబట్టి ఉంటే మీ రెగెక్స్ అక్కడే తెగిపోతుంది, కళ్లకి కనపడదు కాబట్టి బగ్ ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలి.

టెస్టుల్లో తప్పకుండా పెట్టాల్సిన మాట అమృతం. ఇందులో మకి కింద ఉన్నది వట్రసుడి, అంటే గుణింతం, ఒత్తు కాదు, కాబట్టి అ లఘువే. అదే చక్రం అయితే క్రావడి, అంటే ర ఒత్తు, నిజంగా ఒత్తు, చ గురువు. చూడ్డానికి రెండూ కింద వేలాడే గుర్తులే, యూనికోడ్‌లో మాత్రం రెండూ వేరువేరు జాతులు. ఎవరైనా అమ్రుతం అని టైప్ చేస్తే మీ పేజీ అ గురువు అంటుంది, పద్యం తప్పు అంటుంది, అది మీ కోడ్ తప్పు కాదు, స్పెల్లింగ్ తప్పు పట్టుకుందన్నమాట. ఇంకోటి అరసున్నా, పాత పుస్తకాల్లోంచి కాపీ చేసిన పద్యాల్లో ఇది బోలెడు ఉంటుంది, నిండు సున్నా గురువు చేస్తుంది గానీ అరసున్నా చెయ్యదు.

గణాలు విడగొట్టడం భయపడినంత ఉండదు. అన్ని కాంబినేషన్లూ ట్రై చేసి వెనక్కి రావాలేమో అని రికర్షన్ (తనని తానే పిలుచుకునే ఫంక్షన్) రాసేస్తారు చాలామంది, అక్కర్లేదు. సూర్యగణం లఘువుతో మొదలైతే న, గురువుతో మొదలైతే హ, వేరే దారే లేదు. ఇంద్రగణాల్లో కూడా లఘువుతో మొదలయ్యేవన్నీ నాలుగేసి అక్షరాలు, గురువుతో మొదలయ్యేవన్నీ మూడేసి, ఒకటి ఇంకోదానికి మొదటి భాగం అవ్వడం అనేది లేదు. అంటే ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నడిచి వెళ్తే చాలు. ఏ పాదానికి ఏ వరస అనేది ఒక అర్రేలో పెట్టుకోండి, అప్పుడు రేపు తేటగీతి కావాలంటే సూర్య ఇంద్ర ఇంద్ర సూర్య సూర్య అని ఇంకో అర్రే రాస్తే సరిపోతుంది, ఫంక్షన్ ముట్టుకోనక్కర్లేదు. ఉత్పలమాల, చంపకమాల ఇంకా ఈజీ, గురులఘువుల స్ట్రింగ్ కంపేర్ చెయ్యడమే. కందం జోలికి మాత్రం మొదటి వెర్షన్‌లో వెళ్లకండి. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో పొంతన, అది కూడా అంతే, యతిమైత్రికి పెద్ద టేబుల్ కావాలి, మన పద్యంలోనే ఉకి నొతో యతి కుదరాలంటే నొక్కలో సంధి విడగొట్టి ఒక్క అని చూడాలి, మెషీన్‌కి అది చెప్పడం వేరే లెవెల్ పని. యతి చూడట్లేదు అని పేజీ మీద రాసేసి రిలీజ్ చేసెయ్యండి.

డిజైన్‌లో మూడు విషయాలు. లైన్ హైట్ 1.8 దాకా పెట్టండి, ఇంగ్లీష్‌కి సరిపోయే 1.2తో కింద ఒత్తులూ పైన గుడులూ గుద్దుకుంటాయి. లెటర్ స్పేసింగ్ సున్నా. స్పాన్ (టెక్స్ట్‌లో ఒక ముక్కని చుట్టే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) వేసేటప్పుడు అక్షరం మొత్తానికి ఒకటి వెయ్యాలి, అక్షరం మధ్యలో స్పాన్ పడితే కొన్ని బ్రౌజర్లలో ఒత్తు ఊడిపోయి చుక్కల సున్నా పక్కన నిలబడుతుంది. గురువు లఘువు తేడా రంగుతోనే చూపిస్తే రంగులు సరిగ్గా కనపడనివాళ్లకి కష్టం, రూబీ ట్యాగ్ వాడి అక్షరం నెత్తిన గుర్తు పెట్టొచ్చు, చైనీస్ జపనీస్ వాళ్ల కోసం పెట్టిన ట్యాగ్ మన ఛందస్సుకి ఇంత బాగా పనికొస్తుందని చాలామందికి తెలీదు. ఫాంట్లకి గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న ఉన్నాయి, అన్నీ ఫ్రీ లైసెన్సే, నాకైతే పద్యానికి మండలి నచ్చుతుంది, రామభద్ర హెడ్డింగ్‌కి మాత్రమే.

ఫ్రేమ్‌వర్క్ వద్దు. రియాక్ట్ వచ్చని చూపించుకోవాలి కదా అంటారేమో, ఒక టెక్స్ట్ బాక్స్ ఒక బటన్‌కి రియాక్ట్ పెట్టారంటే అవతలి సీనియర్‌కి వేరే అర్థం వెళ్తుంది. కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్ ఉంది కదా, దాని పేజెస్‌లో ఫ్రీగా పెట్టెయ్యొచ్చు. శాంపిల్ పద్యాలు పెట్టేటప్పుడు కాపీరైట్ చూసుకోండి, మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లు ఉంటుంది, ఆ లెక్క చనిపోయిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి. వేమనతో గొడవ లేదు, 1976లో చనిపోయిన విశ్వనాథ సత్యనారాయణ గారి పద్యాలు మాత్రం 2036 చివరి దాకా అలా పెట్టేసుకోవడానికి లేదు.

ఇదంతా సొంత లాప్‌టాప్‌లో, సొంత గిట్‌హబ్ అకౌంట్‌తో, ఆఫీసు టైమ్ కాని టైమ్‌లో చెయ్యాలి. కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పని, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే అవుతుంది. పద్యాల పేజీని ఉద్యోగంలో భాగం అని ఎవరూ అనరు గానీ కొన్ని కంపెనీల ఆఫర్ లెటర్లో నువ్వు ఏం చేసినా మాదే అన్నట్టు లైన్లు ఉంటాయి, ఒకసారి తీసి చదవండి. డబ్బులు తీసుకుని బయట పని చెయ్యడం వేరే కథ, 2022లో పోటీ కంపెనీలకి కూడా పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది, ఆ దుమారం గుర్తుండే ఉంటుంది. ఫ్రీ పేజీకి ఆ తలనొప్పి లేదు, యాడ్స్ పెట్టాలనిపించినా ఉద్యోగం మారేదాకా ఆగండి.

రెజ్యూమెలో దీనికి రెండు లైన్లు చాలు, లింక్ మాత్రం పని చెయ్యాలి, మొబైల్‌లో కూడా. తెలుగు ఛందస్సు అంటే నోయిడాలో కూర్చున్న ఇంటర్వ్యూయర్‌కి ఏం తెలుస్తుంది అని సందేహపడకండి, తెలీకపోవడమే మనకి ప్లస్, ఎందుకంటే వాళ్లు అడిగే ప్రశ్నలకి జవాబు మన దగ్గరే ఉంటుంది. స్క్రీన్ షేర్ చేసి స్త్రీ లెంగ్త్ 6 చూపించండి, తర్వాత అమృతం, చక్రం టెస్టులు చూపించండి, గణాలకి రికర్షన్ ఎందుకు రాయలేదో చెప్పండి. ఈ మూడింటితో స్ట్రింగ్స్, టెస్టింగ్, ఆల్గారిథం మూడూ కవర్ అయిపోతాయి, బట్టీ పట్టిన జవాబుకీ కష్టపడి తెలుసుకున్న జవాబుకీ తేడా అవతలివాళ్లకి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అలాగని డేటా స్ట్రక్చర్స్ ప్రిపరేషన్ మానెయ్యొద్దు, చాలా చోట్ల మొదటి రౌండ్ ఇంకా అదే, పద్యం రెండో రౌండ్‌లోనే పనికొస్తుంది.

ఆఫర్ వచ్చాక మెయిల్‌లో ఆఫర్ లెటర్ చూసేదాకా రిజైన్ చెయ్యకండి, ఫోన్‌లో హెచ్ఆర్ ఎంత తియ్యగా మాట్లాడినా సరే. నోటీస్ పీరియడ్ 90 రోజులుంటే కొత్త కంపెనీ బైఅవుట్, అంటే మిగిలిన నోటీస్ రోజులకి పాత కంపెనీకి కట్టాల్సిన డబ్బు, ఇస్తుందేమో ముందే అడగండి, ఇస్తామంటే అది కూడా రాతపూర్వకంగా తీసుకోండి. 5 ఏళ్లు నిండడానికి దగ్గర్లో ఉంటే గ్రాట్యుటీ లెక్క చూసుకుని డేట్ పెట్టండి. పీఎఫ్‌కి పాత యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) నంబరే ఇవ్వండి, కొత్తది పుట్టించుకుంటే తర్వాత కలపడానికి తిరగాలి. రిలీవింగ్ లెటర్, ఆఖరి మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16 ఆఫీసు మెయిల్ మూతపడకముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఆఫీసు మెయిల్‌తో తెరిచిన సొంత అకౌంట్లు ఏమైనా ఉంటే, డొమైన్ కొన్నది గానీ గిట్‌హబ్ గానీ, అవి కూడా లాస్ట్ వర్కింగ్ డేకి కనీసం ఒక వారం ముందే పర్సనల్ మెయిల్‌కి మార్చేసుకోండి.