అమ్మానాన్నలతో గ్రేట్ ఓషన్ రోడ్: ఎడమ కిటికీ ఎవరిదో ముందే తేల్చుకోండి

మా నాన్న మార్కాపురం డిపోలో 26 ఏళ్లు ఆర్టీసీ డ్రైవరు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఆయనకు కొట్టిన పిండి. పోయిన మార్చిలో అమ్మా ఆయనా మెల్‌బోర్న్ వచ్చినప్పుడు నేను స్టీరింగ్ పట్టుకుంటే, ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. మీ ఇంటికీ పెద్దవాళ్లు వస్తుంటే, నేను చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఇది రాస్తున్నాను.

గ్రేట్ ఓషన్ రోడ్ అంటే ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌కు నైరుతిన సముద్రం అంచునే పోయే రోడ్డు. దానికి ఒక్క రోజులో వెళ్లి రావొద్దు. మా టార్నీట్ వైపు చాలామంది తెల్లారగట్ల బయల్దేరి, ట్వెల్వ్ అపాజిల్స్ (‘పన్నెండుమంది శిష్యులు’ అని పేరున్న, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు) దగ్గర ఫొటోలు దిగి, రాత్రికి ఇల్లు చేరతారు. మొదటిసారి నేనూ అంతే. గుర్తున్నది సీటు బెల్టు ఒరుసుకున్న మంటే! రెండు రోజులు పెట్టుకుని అపోలో బేలో రాత్రి ఉండండి.

వెళ్లేటప్పుడు జీలాంగ్ మీదుగా టార్కీ చేరి సముద్రం వెంట పడమరకు పోండి. ఇక్కడా మనలాగే ఎడమ పక్కన నడపాలి కాబట్టి సముద్రం మీ ఎడమ చేతికే ఉంటుంది. ఆగాలంటే ఎదురొచ్చే బండ్లను దాటక్కర్లేదు, పక్కకు తిప్పితే చాలు. తిరుగు ప్రయాణం లోపలి దారిన, కోలాక్ మీదుగా. ఎడమ వైపు ముందు సీటు, దాని వెనక సీటు, ఈ రెండే సముద్రం కనిపించే సీట్లు. మా ఇంట్లో దీనికి పంచాయితీ అయింది. లోర్న్ దాకా నాన్న ముందు కూర్చున్నారు. లోర్న్ నుంచి అపోలో బే వరకూ మలుపు మీద మలుపు, అమ్మకేమో వాంతులు. అందుకని అక్కడ సీట్లు మార్చాం. మాత్ర బయల్దేరడానికి అరగంట ముందే వేయించండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసి లాభం లేదు.

దారిలో ఈస్టర్న్ వ్యూ దగ్గర చెక్క కమాను వస్తుంది. అక్కడ ఆగండి. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కొండను తొలిచి వేసిన రోడ్డు ఇది, చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకంగా. చాలావరకు పలుగూ పారలతోనే తవ్వారని చెబితే నాన్న కమాను కింద చాలాసేపు నిలబడ్డారు. నెమ్మదిగా పోయేవాళ్లు పక్కకు తప్పుకోవడానికి రోడ్డు పక్కన జాగాలుంటాయి. వెనక రెండు కార్లు చేరితే తప్పుకోండి. నా డ్రైవింగులో నాన్న మెచ్చుకున్నది అదొక్కటే.

కెనెట్ రివర్‌లో గ్రే రివర్ రోడ్డు మీద కాస్త నడిస్తే కోలాలు కనిపిస్తాయి. కిందికి చూస్తే దొరకవు. తల ఎత్తి, కొమ్మ చీలిన చోట బూడిదరంగు ముద్ద కోసం వెతకండి. అవి ఉండేది యూకలిప్టస్ చెట్ల మీద, అంటే మన ఒంగోలు వైపు జామాయిల్ తోటల చుట్టాలే. వాసన తగలగానే అమ్మ గుర్తుపట్టింది. కోలా రోజుకు 20 గంటల దాకా నిద్రపోతుందంటే, "రిటైరయ్యాక మీ నాన్న కూడా అంతేగా" అంది. అక్కడి చిలకలకు మాత్రం గింజలు పెట్టకండి, జబ్బులు అంటుకుంటాయి.

తిండి సంగతి. బీచ్ పక్క పార్కుల్లో చాలాచోట్ల ఉచితంగా వాడుకునే కరెంటు పెనాలుంటాయి. వాటి మీద మాంసం కాలుస్తారు కాబట్టి అమ్మ ఒప్పుకోలేదు. రెండు పొరలు ఫాయిల్ పరిచి చపాతీలు వేడిచేశాను. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ ఉంటే ఇంకేం వద్దు. మార్చిలో కూడా గాలి చలిచలిగా కొడుతుంది. శాలువా, మంకీ క్యాప్ డిక్కీలో కాదు, చేతికందేలా ఉంచండి.

రెండో రోజు పొద్దున అపోలో బేలోనే పెట్రోలు నింపుకుని, మ్యాపు ఫోన్లోకి దింపుకోండి. ఆట్‌వే అడవుల్లో సిగ్నలు సరిగా ఉండదు. అపాజిల్స్ దగ్గర అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, "పన్నెండేవే?" అంది. పన్నెండు ఎప్పుడూ లేవు. ఉన్నవాటిలో ఒకటి 2005 జూలైలో కూలిపోయింది. అది సున్నపురాయి, కెరటాలు అడుగున తినేస్తుంటాయి. బీచ్‌లోకి దిగే గిబ్సన్ స్టెప్స్‌కు 86 మెట్లు, మోకాళ్లు చూసుకుని దిగండి. నన్నడిగితే అపాజిల్స్ కన్నా లాక్ ఆర్డ్ గార్జ్‌లో ఎక్కువసేపు గడపండి. 1878లో ఆ పేరుగల ఓడ అక్కడ మునిగితే 54 మందిలో ఇద్దరే బతికారు, టామ్ పియర్స్, ఈవా కార్‌మైకేల్. కొండల మధ్య ఆ చిన్న ఇసుక తిన్నె మీద నిలబడి ఈ కథ చెప్పండి. చీకటి పడకముందే అక్కణ్ణుంచి కదలండి. సందె వేళ కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి.

మెల్‌బోర్న్ నగరానికి ఒక రోజు చాలు, కారు ఇంట్లోనే వదిలేయండి. నడిబొడ్డున ట్రామ్ ఉచితం. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్, బొమ్మల గోడల హోసియర్ లేన్ చూసి క్వీన్ విక్టోరియా మార్కెట్‌కు పోండి. సోమ, బుధవారాల్లో మార్కెట్ ఉండదు. ఇది తెలియక నేను బుధవారం తీసుకెళ్లి మాట పడ్డాను.

చివరి రోజు ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్లు. టికెట్లు ముందే కొనాలి. పోతూ క్యారమ్ డౌన్స్‌లో శివవిష్ణు ఆలయ దర్శనం చేసుకోవచ్చు, తెరిచే వేళలు చూసుకోండి. సూర్యుడు దిగాక జానెడున్నర ఎత్తు పెంగ్విన్లు గుంపులుగా ఒడ్డుకొస్తాయి. అక్కడ ఫొటోలు నిషేధం, ఫోను లోపల పెట్టేయాలి. కూర్చునే మెట్లు చల్లగా ఉంటాయి, దుప్పటి మడిచి వేసుకోండి.

బండి తీసేముందు కారు కింద పెంగ్విన్ ఉందేమో చూడమని పార్కింగులో బోర్డు ఉంటుంది. నేను తాళం తిప్పేలోపే నాన్న దిగి, ఫోను లైటు వేసుకుని, నాలుగు చక్రాలూ వంగి చూసొచ్చి, "రైట్, పోనీ" అన్నారు.