పాత మౌంటెన్ బైక్ ఫ్రేమ్ కొని మళ్లీ బిల్డ్ చేయొచ్చా? కొనేముందే తేల్చుకోవడం ఎలా

ఓఎల్ఎక్స్‌లోనో, ఆదివారం ఎర్రగడ్డ సంతలోనో మంచి కంపెనీ ఫ్రేమ్ ఒకటి తక్కువ రేటుకి కనపడిందనుకోండి, పెయింట్ కూడా బానే ఉంటే ఇక చెయ్యి ఆగదు. నేను అట్లాగే ఒకటి తెచ్చుకున్నా. దాంట్లో సీట్ పోస్ట్ (సీటుని నిలబెట్టే గొట్టం) ఇరుక్కుపోయి ఉందని ఇంటికొచ్చాకే తెలిసింది, ఎన్ని రోజులు నూనె పోసినా కదల్లేదు, చివరికి కోయించాల్సొచ్చింది. అందుకే డబ్బులు ఇచ్చేముందు ఏమేం చూడాలో వరసగా చెప్తా.

1. ముందు పార్ట్స్ లెక్క రాయండి

ఫ్రేమ్ చూడ్డానికి వెళ్లకముందే ఒక కాగితం తీసుకుని ఫోర్క్, హెడ్‌సెట్ (ఫోర్క్ తిరిగే బేరింగులు), వీల్స్, టైర్లు, క్రాంక్, బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ తిరిగే బేరింగ్), షిఫ్టర్, డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపేది), క్యాసెట్ (వెనక గేరు చక్రాలు), చైన్, బ్రేకులు, హ్యాండిల్, స్టెమ్, సీటు, పెడల్స్ అన్నిటికీ ఇవాళ్టి రేట్లు రాయండి. కేబుల్స్, గ్రిప్స్, మెకానిక్ కూలీ కూడా కలపండి. అన్నీ కొత్తవే కొనాల్సొస్తే చాలాసార్లు షాపులో కొత్త హార్డ్‌టెయిల్ (ముందు ఫోర్క్‌కి మాత్రమే సస్పెన్షన్ ఉండే బైక్) తెచ్చుకోవడమే చౌక, ఎందుకంటే కంపెనీ వాళ్లకి ఆ పార్ట్స్ టోకున వస్తాయి, మనం ఒక్కోటి విడిగా కొంటాం. మీ దగ్గర ఇప్పటికే సగం సామాను ఉన్నా, పార్ట్స్ తీసుకోడానికి పనికొచ్చే పాత సైకిల్ ఒకటి దొరికినా అప్పుడు లెక్క మారుతుంది.

2. కొలతలు

నాకైతే ఇదే అసలు సంగతి. హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు ఫోర్క్ దూరే గొట్టం) నేరుగా ఉండే 1-1/8 అంగుళం రకమా చూడండి. ఆ రకమైతే సన్‌టూర్ ఎక్స్‌సీఎం లాంటి మామూలు ఫోర్కులు స్ట్రెయిట్ స్టీరర్‌తో (హెడ్ ట్యూబ్‌లో దూరే ఫోర్క్ గొట్టం నేరుగా ఉండేవి) దొరుకుతాయి, కానీ మంచి కొత్త ఫోర్కులు ఎక్కువగా టేపర్డ్‌వే (ఆ గొట్టం కింద లావుగా ఉండేవి), అవి మామూలు పాత హెడ్ ట్యూబ్‌లో దూరవు. బాటమ్ బ్రాకెట్ 68 లేదా 73 ఎంఎం, మరలున్న రకం అయితే సంతోషం, ఏ షాపులోనైనా సామాను ఉంటుంది. వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే చోట్లు) మధ్య 135 ఎంఎం, క్విక్ రిలీజ్ (లివర్ తిప్పి చక్రం విప్పే రకం) ఉండాలి. డిస్క్ బ్రేక్ బిగించే చెవులు ఉన్నాయా లేదా చూస్కోండి, లేకపోతే రిమ్‌ని పట్టే వి-బ్రేకులతోనే నడపాలి.

చక్రం 26 అంగుళాలైతే భయపడక్కర్లేదు, టైర్లు ట్యూబులు చిన్న ఊళ్లలో కూడా ఉంటాయి, మంచి హబ్బులూ రిమ్ములూ మాత్రం వెతుక్కోవాలి. 26 అని రాసున్న ప్రతి టైరూ ఒకటి కాదండోయ్, 26x1.95 అంటే 559 ఎంఎం రిమ్, 26x1-3/8 అంటే 590, ఒకదాని మీద ఇంకోటి పట్టదు. 27.5 చక్రం ఎక్కిద్దామంటే రిమ్ వ్యాసం 25 ఎంఎం పెరుగుతుంది, అంటే ఒక్కో వైపు పన్నెండున్నర ఎంఎం ఖాళీ ఇంకా కావాలి, వి-బ్రేక్ ప్యాడ్‌లైతే రిమ్‌కి అందవు కూడా. ఫోర్క్ ట్రావెల్ (ఫోర్క్ ఎంత దిగుతుందనేది) కూడా ఫ్రేమ్ దేనికోసం చేశారో అంతే పెట్టండి, 80, 100 ఎంఎంకి చేసినదానికి 140 పెడితే హెడ్ ట్యూబ్ దగ్గర వెల్డింగ్ మీద బరువంతా పడుతుంది.

3. పగుళ్లు

అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి, అంటుకుంటే స్టీల్, లేదంటే అల్యూమినియం అనుకోవచ్చు. గుడ్డతో మురికి తుడిచి, టార్చ్ వేసి, హెడ్ ట్యూబ్‌కి డౌన్ ట్యూబ్ (కింద వాలుగా వెళ్లే గొట్టం) కలిసే చోటు కింద భాగం, సీట్ ట్యూబ్ (సీట్ పోస్ట్ దూరే గొట్టం) పైఅంచు, బాటమ్ బ్రాకెట్ చుట్టూ, వెనక డ్రాపౌట్లు నెమ్మదిగా చూడండి. పెయింట్ మీద వెంట్రుకలాంటి గీత కనిపిస్తే గోరుతో గీకండి, గోరు పట్టిందంటే అనుమానించండి. అల్యూమినియంలో నిజంగా పగులుంటే వదిలేయండి, వేడి చేసి గట్టిపరిచిన లోహం అది, వెల్డింగ్ చేస్తే ఆ చోట బలం పోతుంది. స్టీల్ అయినా సరే గేట్లు వెల్డ్ చేసే షాపులో ఇవ్వకండి, ట్యూబ్ గోడ చాలా పల్చగా ఉంటుంది. కొత్త పెయింట్ వేసి అమ్ముతుంటే నేనైతే ఇంకా ఎక్కువ అనుమానిస్తా.

4. సీట్ పోస్ట్, వంకర

సీట్ పోస్ట్ మీ కళ్లముందే బయటికి తీసి చూపించమనండి. తీయలేకపోతే ఎంత చౌకైనా వద్దు.

వంకర చూడ్డానికి దారం చాలు. వెనక డ్రాపౌట్‌కి కట్టి హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపౌట్‌కి బిగించి, సీట్ ట్యూబ్‌కీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలవండి. ఒకటి రెండు ఎంఎం తేడా పర్లేదు, ఐదు ఆరు వస్తే నాకొద్దు.

5. ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా సస్పెన్షన్ ఉండేది) అయితే

దాని పివట్ (వెనక భాగం కదిలే కీళ్లు) బేరింగ్‌లూ, షాక్ పొడవూ కొలిచి అవి దొరుకుతాయని తేలాకే కొనండి. మొదటిసారి బిల్డ్ చేస్తున్నవాళ్లు హార్డ్‌టెయిల్‌తోనే మొదలుపెట్టాలని గట్టిగా చెప్తా.

ఇంకొక్కటి, డిరైలర్ హ్యాంగర్, అంటే వెనక డిరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే చిన్న ముక్క. మార్చుకునే రకమైతే విప్పి ఫోటో తీసి, డబ్బు ఇచ్చేముందే మీ మెకానిక్ అన్నకి పంపి, ఇది దొరుకుతుందా అని అడగండి. ఇవి రకరకాల ఆకారాల్లో వస్తాయి, మీదానికి సరిపోయేది దొరక్కపోతే వెనక డిరైలర్ తగిలించడానికి చోటే ఉండదు.