ఆర్కిటెక్చర్ ఆఫీసులో పని ఒత్తిడి: మూలం పట్టుకుని తగ్గించుకోవడం ఎలా?

అయిదేళ్ల బి.ఆర్క్. (ఆర్కిటెక్చర్ డిగ్రీ)లో జ్యూరీకి, అంటే మన డిజైన్‌ను అధ్యాపకుల ముందు పెట్టే పరీక్షకు ముందు రాత్రంతా మేలుకుని షీట్లు పూర్తి చేయడం అందరికీ అలవాటైపోతుంది. ఉద్యోగంలోనూ అదే సాగుతుంటే 'ఈ ఫీల్డే ఇంత' అని సర్దుకుపోతాం. సర్దుకుపోకండి. డిజైన్ చేయడంలో ఉండే శ్రమ మనిషిని అంతగా నలపదు. అయిపోయిందనుకున్న పని మళ్లీ మళ్లీ టేబుల్ మీదికి రావడమే నలిపేస్తుంది.

1. రెండు వారాలు రాసి చూడండి
ఆఫీసులో ఆలస్యమైన ప్రతి రోజూ ఒక్క లైను చాలు: ఏ ప్రాజెక్టు, ఎవరు అడిగారు, ఏం మారింది, ఎన్ని గంటలు పట్టింది. క్లయింటు మార్పులా, సైటు ఫోన్లా, లోపలి గందరగోళమా అన్నది అందులోనే తేలుతుంది.

2. మార్పులకు తలుపు ఒక్కటే ఉంచండి
మన దగ్గర ఎక్కువగా జరిగేదే చూడండి. ప్లాన్ ఖరారయ్యాక క్లయింటు సిద్ధాంతిగారిని తీసుకొస్తారు. వాయవ్యంలో ఉన్న వంటగది ఆగ్నేయానికి వెళ్లాలంటారు. వినడానికి ఒక గది మార్పు. దాంతో సింకు పైపులు, డక్టు, కిటికీ, ఎలివేషన్ (బయటి రూపం గీసిన డ్రాయింగ్), సెక్షన్ (నిలువుగా కోసి చూపే డ్రాయింగ్), ఎలక్ట్రికల్ లేఅవుట్ అన్నీ కదులుతాయి, స్ట్రక్చరల్ ఇంజినీరుకు మళ్లీ పంపాలి. భవన నిర్మాణ అనుమతి వచ్చాక అయితే సవరించిన ప్లాన్ మళ్లీ పెట్టాల్సి రావచ్చు. క్లయింటుకు వాస్తు పట్టింపు ఉంటే దాన్ని గౌరవించాలి. అందుకే ఆ సంప్రదింపు కాన్సెప్ట్ దశలోనే, అంటే తొలి ఆలోచన గీసేటప్పుడే జరగాలి.

వాట్సాప్‌లో రాత్రి వచ్చిన వాయిస్ మెసేజీని చూసి డ్రాయింగ్ తెరవకండి. 'మీరు చెప్పిన మార్పు ఇది, ఈ షీట్లు మారతాయి, ఇన్ని రోజులు పడుతుంది' అని మెయిల్ పెట్టించి, ఒప్పుకున్నాకే మార్చిన డ్రాయింగుకు రివిజన్ నంబరు వేయండి. ఈ మెయిల్ సీనియర్ పేరు మీద వెళ్తే ఇంకా మంచిది, జూనియర్ మాటను క్లయింట్లు తేలిగ్గా తీసుకుంటారు.

3. సైటు ఫోన్లకు వేళ పెట్టండి
మేస్త్రీ అడిగే సందేహాల్లో చాలావరకు డ్రాయింగులో కొలత లేకపోవడం వల్లే వస్తాయి. మెట్లు, టాయిలెట్ల వివరాలు సైటుకు పంపేముందు ఇంకొకరితో చూపించండి. శ్లాబు పోసే రోజు తప్ప మిగతా ఫోన్లు రోజుకు ఒక వేళలో తీసుకోవచ్చు.

4. రెండరింగ్ టైమును లెక్కలో వేయండి
డిజైన్‌ను ఫొటోలా కనిపించే చిత్రంగా కంప్యూటర్‌లో తయారు చేయడమే రెండరింగ్. ప్రజెంటేషన్ తేదీ ఇచ్చేవాళ్లు దానికి పట్టే టైమును మర్చిపోతారు. గుర్తు చేయండి.

5. ఒంటి మాట వినండి
నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే చిరాకు, పొద్దున్నే ఆఫీసంటే భయం వారాల తరబడి ఉంటే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

6. రాసుకున్న కాగితంతో ప్రిన్సిపల్ ఆర్కిటెక్టును (ఆఫీసు పెద్దను) కలవండి
'ఒత్తిడిగా ఉంది సార్' అంటే ఓదార్పు దొరుకుతుంది. 'ఈ ప్రాజెక్టులో మార్పులకే ఇన్ని గంటలు పోయాయి' అంటే అది ఆఫీసు ఆదాయం సంగతి అవుతుంది. ఆర్కిటెక్టుల వృత్తిని నియంత్రించే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిబంధనల్లో ఫీజు దశలవారీగా ఉంటుంది. ఒక దశ ఒప్పుకున్నాక వచ్చే మార్పులకు అదనపు ఫీజు అని ఒప్పందంలో రాయించమని అడగండి. ఆ డబ్బే రాకపోతే ఇంకో మనిషిని పెట్టుకోవడం, మీ జీతం పెంచడం రెండూ ఆగిపోతాయి. ఎంత చెప్పినా వినని చోటైతే, మీరు చేసిన డ్రాయింగులను పోర్ట్‌ఫోలియోలో వాడుకోవడానికి అనుమతి, అనుభవ ధ్రువపత్రం రాతపూర్వకంగా తీసుకుని వేరే ఆఫీసు చూసుకోండి.