గింప్ స్ప్లాష్ స్క్రీన్ మార్చడం ఎలా? వద్దనుకుంటే ఆపేయడం ఎలా?

బొమ్మలను, ఫోటోలను దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్. దాని మీద క్లిక్ చేయగానే ముందు ఒక బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ కింది భాగంలో చిన్న అక్షరాలు చకచకా మారుతుంటాయి, ఒక గీత నిండుతూ పోతుంది. అసలు విండో తెరుచుకోగానే బొమ్మ మాయమవుతుంది. ఇదే స్ప్లాష్ స్క్రీన్. దాని స్థానంలో మనకు నచ్చిన బొమ్మ పెట్టుకోవచ్చు, అసలు రాకుండా కూడా చేసుకోవచ్చు. రెండూ ఐదు నిమిషాల్లో అయ్యే పనులే. అయినా ఈ ఐదు నిమిషాల పనికి పోయి గింప్‌నే పాడుచేసుకుని, తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ళను ఎంతమందిని చూశానో. చేసే తప్పులు ఎప్పుడూ అవే. అందుకే ఇక్కడ ఒక్కొక్కటీ విడమరిచి రాస్తున్నాను.

కావలసినవి: గింప్ 2.10 గానీ 3.0 గానీ, ఒక బొమ్మ. అంతే. దీనికోసం విడిగా ఏ సాఫ్ట్‌వేరూ దించుకోవక్కర్లేదు. "స్ప్లాష్ ఛేంజర్" లాంటి పేర్లతో ఏవైనా కనిపిస్తే వాటి జోలికి పోకండి.

ముట్టుకోకూడని చోటు

చాలామంది నేరుగా గింప్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోకి వెళ్ళి, అందులో ఉన్న అసలు స్ప్లాష్ బొమ్మను తీసేసి, అదే పేరుతో తమ బొమ్మను పెడతారు. ఇలా చేయకండి. ఆ ఫోల్డర్‌లో మార్పులు చేయాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. అనుమతి ఇచ్చి మార్చినా, గింప్ అప్‌డేట్ అయినప్పుడు మీ బొమ్మ పోయి పాతదో కొత్తదో వాళ్ళ బొమ్మే వచ్చి కూర్చుంటుంది. ఈలోగా పక్కనున్న ఫైలు ఒకటి పొరపాటున చెరిగిపోతే ఇక గింప్ తెరుచుకోకపోవచ్చు. ఒక చోట నేను పనిచేస్తున్నప్పుడు, ఉన్న కంప్యూటర్లన్నిటిలో ఒకేలాంటి బొమ్మ రావాలని ఒకరు ఇలాగే ఒక్కో మిషన్లో ఫైలు మార్చుకుంటూ వెళ్ళారు. మధ్యాహ్నానికి రెండు కంప్యూటర్లలో గింప్ మూలపడింది. దాన్ని సరిచేయడానికి నా సాయంత్రమంతా పోయింది.

గింప్‌లో ఈ పనికి వేరే దారి ఉంది. ప్రతి యూజర్‌కూ ఒక సొంత గింప్ ఫోల్డర్ ఉంటుంది. మన బ్రష్‌లు, మన సెట్టింగులు అన్నీ అందులోనే ఉంటాయి. బొమ్మనూ అక్కడే పెట్టాలి. అప్‌డేట్ వచ్చినా దాన్ని ఎవరూ కదపరు, అడ్మినిస్ట్రేటర్ అనుమతీ అక్కర్లేదు.

బొమ్మ పెట్టడం

విండోస్‌లో అయితే కీబోర్డు మీద విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో శాతం గుర్తు, ఇంగ్లీషులో యాప్‌డేటా, మళ్ళీ శాతం గుర్తు కొట్టి ఎంటర్ నొక్కండి. మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. రోమింగ్ అనే ఫోల్డర్ తెరుచుకుంటుంది. మామూలుగా వెతుక్కుంటూ పోతే ఇది కనపడదు, ఎందుకంటే యాప్‌డేటా దాచి ఉంచిన ఫోల్డర్. రోమింగ్‌లో గింప్, దాని లోపల మీ వెర్షన్ నంబరు: 2.10 లేదా 3.0. రెండూ కనిపిస్తే మీరు ఇప్పుడు వాడుతున్న వెర్షన్‌దే తెరవండి. లైనక్స్‌లో అయితే మీ హోమ్ ఫోల్డర్‌లో, ముందు చుక్క ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్‌లో గింప్ ఉంటుంది. మ్యాక్‌లో అయితే మీ లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్‌లో చూడండి.

ఆ నంబరు ఫోల్డర్ లోపల ఒక కొత్త ఫోల్డర్ చేసి దానికి స్ప్లాషెస్ అని పేరు పెట్టండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే: ఎస్, పి, ఎల్, ఎ, ఎస్, హెచ్, ఇ, ఎస్. చివరి రెండు అక్షరాలు మరిచిపోయి "స్ప్లాష్" అని ఆపేస్తే గింప్ దాన్ని పట్టించుకోదు. పెద్ద అక్షరాలు వాడితే లైనక్స్‌లో అదీ పనిచేయదు.

మీ బొమ్మను అందులో వేయండి. గింప్‌ను మూసి మళ్ళీ తెరవండి. అయిపోయింది. బొమ్మ పేరు ఏదైనా పరవాలేదు. ఒకటికి మించి బొమ్మలు పెడితే, తెరిచిన ప్రతిసారీ వాటిలో ఏదో ఒకటి దానంతటదే ఎంచుకుంటుంది. నేను ఎప్పుడూ ఒక్కటే పెడతాను. రోజూ వాడే పనిముట్టు రోజుకొక ముఖంతో కనిపిస్తే చేతికి కుదురుండదు.

ఎలాంటి బొమ్మ?

జేపీజీ వాడండి. పీఎన్‌జీ కూడా పనిచేస్తుంది గానీ ఫోటోకు జేపీజీయే సరైనది. గింప్‌లోనే తయారుచేసిన బొమ్మ కదా అని దాని సొంత ఫార్మాట్ అయిన ఎక్స్‌సీఎఫ్‌లోనే ఉంచేస్తారు కొందరు. స్ప్లాష్‌కు అది పనికిరాదు. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి జేపీజీగా తీసుకోవాలి. ఫైలు పేరు చివర జేపీజీ అని చేత్తో మార్చేసినంత మాత్రాన అది జేపీజీ అయిపోదు. ఫోన్‌లో తీసిన ఫోటోలతో ఈ పొరపాటు చాలా ఎక్కువ.

వెడల్పు 1600, ఎత్తు 900 పిక్సెళ్ళు. నేను పెట్టుకున్న కొలత ఇదే, మీరూ ఇదే పెట్టండి. మరీ చిన్న బొమ్మ పెడితే కింది అక్షరాలు ఇరుకైపోయి చదవడానికి రావు. కెమెరా నుంచి వచ్చిన ఫోటోను అలాగే పెడితే, దాన్ని విప్పి చిన్నది చేయడానికే సమయం పడుతుంది. త్వరగా రావాల్సిన బొమ్మ ఆలస్యంగా వస్తుంది.

బొమ్మ కింది పావు వంతు ఖాళీగా, ఒకే రంగులో ఉండాలి. గింప్ తన అక్షరాలను అక్కడే రాస్తుంది. అక్కడ బొమ్మ ముదురుగా ఉందా, లేతగా ఉందా చూసి అక్షరాల రంగు తనే ఎంచుకుంటుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ అక్కడ మనుషుల ముఖాలో, ఆకులో, రాతలో ఉంటే సగం తెలుపు సగం నలుపు అయిపోయి ఏ రంగు ఎంచుకున్నా అక్షరాలు కలిసిపోతాయి. నేను అక్కడ ఒక ముదురు పట్టీ గీసి పెడతాను.

ఆపేయాలనుకునేవాళ్ళు ముందు ఇది చదవండి

"స్ప్లాష్ తీసేస్తే గింప్ త్వరగా తెరుచుకుంటుంది" అని చాలామంది నమ్మకం. తెరుచుకోదు. ఆ బొమ్మ వెనక గింప్ బ్రష్‌లు, ఫాంట్లు, ప్లగిన్‌లు (గింప్‌కు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాములు) ఒక్కొక్కటిగా లోపలికి తెచ్చుకుంటోంది. బొమ్మ ఉన్నా లేకున్నా ఆ పని జరగాల్సిందే. బొమ్మ లేకపోతే ఆ సేపంతా మీకు ఖాళీ తెర కనిపిస్తుంది, అంతే. క్లిక్ పడలేదేమోనని మళ్ళీ క్లిక్ చేస్తారు, మళ్ళీ మళ్ళీ చేస్తారు.

బొమ్మ మార్చుకోండి గానీ తీసేయకండి అని నేను పట్టుబట్టేది ఆ కింది అక్షరాల కోసం. గింప్ ఎప్పుడైనా తెరుచుకోకుండా మధ్యలో ఆగిపోతే, ఎక్కడ ఆగిందో ఆ ఒక్క లైను చెబుతుంది. ఫాంట్ల దగ్గర ఆగిపోయిందంటే కొత్తగా వేసిన ఫాంట్లలో ఏదో సరిగా లేదు, లేదా వందల కొద్దీ ఫాంట్లు వేసినందువల్ల మొదటిసారి వాటి జాబితా తయారుచేసుకుంటోంది. రెండోదైతే కాసేపు ఓపిక పడితే చాలు. ఒక ప్లగిన్ పేరు దగ్గర ఆగితే, ఆ ప్లగిన్ ఫైలును పక్కకు తీసి చూడాలి. స్ప్లాష్ ఆపేసుకున్నవాళ్ళకు ఈ ఆచూకీ ఉండదు. సాయం అడుగుతూ నా దగ్గరికి వచ్చినవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట "ముందు స్ప్లాష్ తిరిగి పెట్టు" అనే.

అయినా కొందరికి నిజంగానే అవసరం ఉంటుంది. తెర మొత్తాన్ని నలుగురికి చూపిస్తూ పాఠం చెప్పేవాళ్ళకు మధ్యలో బొమ్మ వచ్చి పడటం ఇబ్బంది. వాళ్ళకోసం కిందిది.

ఆపేయడం: ఇక్కడే నెమ్మదిగా చేయాలి

గింప్ సెట్టింగుల్లో దీనికోసం టిక్ పెట్టె కోసం వెతకకండి, ఉండదు. గింప్‌ను పిలిచేటప్పుడే "స్ప్లాష్ వద్దు" అనే మాటను వెంట పంపాలి. ఆ మాటను షార్ట్‌కట్‌లో రాస్తాం.

ముందుగా గింప్ షార్ట్‌కట్‌కు ఒక నకలు చేసుకోండి. డెస్క్‌టాప్ మీద లేకపోతే స్టార్ట్ మెనూలో గింప్ మీద రైట్ క్లిక్ చేసి, ఫైలు ఉన్న చోటు తెరిచి, అక్కడి షార్ట్‌కట్‌ను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేయండి. అసలుదాన్ని ముట్టుకోకండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్ళడానికి అది కావాలి.

నకలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో షార్ట్‌కట్ ట్యాబ్, అందులో టార్గెట్ అనే గడి. దాంట్లో గింప్ ఫైలు దారి మొత్తం డబుల్ కోట్‌ల మధ్య ఉంటుంది. ఆ దారిలో ఖాళీలు ఉన్న ఫోల్డర్ పేర్లు ఉన్నాయి కాబట్టే కోట్‌లు పెట్టారు. వాటిని తీసేయకూడదు.

ఇప్పుడు కర్సర్‌ను ఆ గడిలో చివరికంటా, ముగింపు కోట్ కూడా దాటాక పెట్టండి. స్పేస్ ఒకసారి నొక్కండి. తర్వాత వరసగా, ఇంకెక్కడా ఖాళీ లేకుండా: హైఫన్, హైఫన్, ఎన్, ఓ, హైఫన్, ఎస్, పి, ఎల్, ఎ, ఎస్, హెచ్. అన్నీ చిన్న అక్షరాలు. ముందు రెండు హైఫన్లు, "నో"కూ "స్ప్లాష్"కూ మధ్య ఒకటి, మొత్తం మూడు. ఓకే నొక్కే ముందు వేలు పెట్టి లెక్కపెట్టండి.

కోట్ లోపల రాస్తే ఆ మాట కూడా ఫైలు పేరులో భాగమే అనుకుంటుంది విండోస్. టార్గెట్ గడిలో ఇచ్చిన పేరు సరైనది కాదని ఒక సందేశం వస్తుంది. అది వచ్చిందంటే కోట్ ఎక్కడుందో చూసుకోండి, వేరే కారణం వెతకక్కర్లేదు.

ముందు ఒక్క హైఫనే పెడితే గింప్ ఆ అక్షరాలను విడివిడిగా వేరే ఆదేశాలనుకుంటుంది, అర్థంకాక తెరుచుకోకుండా ఆగిపోతుంది. మధ్యలో హైఫన్ మరిచినా అంతే. ఈ రెండో తప్పు క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు చేస్తారు. క్రిటాలో ఇదే మాటను మధ్య హైఫన్ లేకుండా కలిపి రాయాలి. లిబ్రెఆఫీస్‌లో అసలు మాటే వేరు, అక్కడ రెండు హైఫన్ల తర్వాత "నోలోగో" అని కలిపి రాస్తారు. ఒకదాని మాట ఇంకొకదానికి పనికిరాదు.

అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇంకోటి. ఈ మాటను ఎవరో మెసేజ్‌లో పంపితే, లేదా డాక్యుమెంట్‌లో రాసిపెట్టుకున్నది ఉంటే, దాన్ని కాపీ చేసి గడిలో అతికిస్తారు. రాసే సాఫ్ట్‌వేర్లు చాలావరకు పక్కపక్కనున్న రెండు హైఫన్లను కలిపి ఒక పొడవాటి గీతగా మార్చేస్తాయి. చూడటానికి తేడా తెలియదు. గింప్‌కు మాత్రం అది ఆదేశం కాదు, ఒక బొమ్మ ఫైలు పేరు. దాంతో స్ప్లాష్ ఎప్పటిలాగే వస్తుంది, ఆపైన "ఫలానా ఫైలు తెరవలేకపోయాను" అనే సందేశం కూడా వస్తుంది. అందుకే కాపీ చేయకండి. చేత్తో కొట్టండి. పదకొండు మీటలు, అంతే. అంతకూ చేయి తిరగకపోతే పొట్టి రూపం ఉంది: ఒక్క హైఫన్, చిన్న ఎస్.

లైనక్స్ వాళ్ళు గింప్ డెస్క్‌టాప్ ఫైలును తమ హోమ్‌లో ముందు చుక్క ఉన్న లోకల్, అందులో షేర్, అందులోని అప్లికేషన్స్ ఫోల్డర్‌కు కాపీ చేసుకుని, అందులో ఎగ్జెక్ అని మొదలయ్యే లైనులో, చివరి శాతం గుర్తుకు ముందు ఇదే మాట చేర్చాలి. సిస్టమ్ ఫోల్డర్‌లోని అసలు ఫైలును మార్చొద్దు.

పరీక్షించేటప్పుడు

గింప్‌ను పూర్తిగా మూసేశాకే చూడండి. ఒకటి అప్పటికే తెరిచి ఉంటే, కొత్త క్లిక్ ఆ తెరిచి ఉన్నదాన్నే ముందుకు తెస్తుంది. స్ప్లాష్ రాలేదు కదా, పని అయిపోయిందని అనుకుంటారు.

డెస్క్‌టాప్ షార్ట్‌కట్ మార్చారు కదా అని టాస్క్‌బార్ మీది గుర్తు కూడా మారదు. అది వేరే షార్ట్‌కట్. పాతదాన్ని అన్‌పిన్ చేసి, మార్చిన నకలునే పిన్ చేయండి. ఫోల్డర్‌లో ఒక బొమ్మ మీద డబుల్ క్లిక్ చేసి గింప్ తెరిచినా స్ప్లాష్ వస్తుంది, ఎందుకంటే ఆ దారి మీ షార్ట్‌కట్ గుండా పోదు. బొమ్మను లాగి మార్చిన షార్ట్‌కట్ మీద వదిలితే స్ప్లాష్ లేకుండా తెరుచుకుంటుంది.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు ఈ తిప్పలేవీ లేవు. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో ఇంటర్‌ఫేస్, స్ప్లాష్ స్క్రీన్ దగ్గర టిక్ తీసేస్తే చాలు. గింప్‌లోనూ అలాంటి టిక్ ఉండాలని నా కోరిక.

మీ బొమ్మ మీద విసుగొచ్చి గింప్ అసలు బొమ్మే కావాలనిపిస్తే, స్ప్లాషెస్ ఫోల్డర్‌ను చెరిపేయకండి. దాని పేరు చివర ఒక అంకె చేర్చండి. మళ్ళీ మీది కావాలన్న రోజు ఆ అంకె తీసేయండి.