గిట్ పుష్ మొరాయిస్తోందా? తప్పు ఎవరిదో ఇలా పట్టుకోండి

మధురవాడ రూమ్‌లో వైఫైని, రుషికొండ ఆఫీసులో వీపీఎన్‌ని తిట్టుకునే ముందు ఒక్క విషయం. గిట్ (కోడ్ మార్పులను దాచే ప్రోగ్రామ్) పుష్‌లో, అంటే కోడ్‌ని సర్వర్‌కి పంపేటప్పుడు, అన్నీ తానే చేయదు. లింక్ హెచ్‌టీటీపీఎస్ అయితే గిట్-రిమోట్-హెచ్‌టీటీపీఎస్‌ని పిలుస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ లింక్ అయితే ఎస్‌ఎస్‌హెచ్‌ని (వేరే మెషీన్‌లోకి సురక్షితంగా వెళ్లే ప్రోగ్రామ్), పాస్‌వర్డ్ కావాల్సి వస్తే క్రెడెన్షియల్ హెల్పర్‌ని (లాగిన్ వివరాలు దాచి అందించేది). మాట తేడా వచ్చేది ఎక్కువగా వీళ్ల మధ్యే.

ముందు గిట్_ట్రేస్=1 అని కమాండ్ ముందు తగిలించి నడపండి (వేరియబుల్ పేరు మొత్తం పెద్దక్షరాల్లోనే). ఎవరిని పిలిచిందో వరసగా కనిపిస్తుంది, ఆఖరి లైన్ దగ్గరే మన అనుమానం.

తర్వాత గిట్_ట్రేస్_ప్యాకెట్=1. ఇది గిట్‌కీ సర్వర్‌కీ మధ్య అసలు సంభాషణ. వైర్ మీద ప్రతి లైన్‌కీ ముందు నాలుగు హెక్స్ (0-9, a-f) అంకెలు దాని పొడవు చెబుతాయి (ట్రేస్ వాటిని చూపించదు), 0000 వస్తే ఆ విడత అయిపోయినట్టు. ఎస్‌ఎస్‌హెచ్‌లో 'బ్యాడ్ లైన్ లెంగ్త్ క్యారెక్టర్' అని ఎర్రర్ వచ్చి, పక్కన డబ్ల్యూ, ఈ, ఎల్, సీ అక్షరాలుంటే నవ్వొస్తుంది గానీ కారణం చిన్నదే: సర్వర్‌లో ఎవరో మహానుభావుడు బాష్ఆర్‌సీ ఫైల్లో (కనెక్ట్ అయిన ప్రతిసారీ నడిచేది) 'వెల్‌కమ్ టు వైజాగ్' అని ఎకో (తెర మీద రాసే కమాండ్) పెట్టాడు, పొడవు కోసం చూస్తున్న గిట్‌కి ఆ పలకరింపులో మొదటి నాలుగక్షరాలు తగిలాయి. ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆ సర్వర్‌లో ట్రూ (ఏమీ ముద్రించని) కమాండ్ నడిపి, అవుట్‌పుట్‌ని డబ్ల్యూసీ -సీ (బైట్లు లెక్కపెట్టేది) కి పైప్ చేయండి. సున్నా రావాలి. రాకపోతే ఆ ఎకోని బాష్_ప్రొఫైల్‌లోకి (లాగిన్ షెల్‌లో మాత్రమే నడిచేది) మార్చేయండి, చాలు.

పాస్‌వర్డ్ గొడవైతే గిట్ క్రెడెన్షియల్ ఫిల్ నడిపి, ప్రోటోకాల్=హెచ్‌టీటీపీఎస్, హోస్ట్=గిట్‌హబ్.కామ్ అని రెండు లైన్లు కొట్టి ఒక ఖాళీ లైన్ ఇవ్వండి. హెల్పర్ దాచుకున్నది తెర మీదే పడుతుంది, స్క్రీన్ షేరింగ్‌లో ఉంటే మాత్రం వద్దు బాబూ. అందులో అకౌంట్ పాస్‌వర్డ్ ఉంటే పనిచేయదు, గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి దాన్ని ఒప్పుకోవడం లేదు. అవే లైన్లు గిట్ క్రెడెన్షియల్ రిజెక్ట్‌కి ఇచ్చి పాతది తీసేసి, టోకెన్ (పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే కీ) పెట్టుకోండి.

సొంతంగా రిమోట్ హెల్పర్ (గిట్-రిమోట్-హెచ్‌టీటీపీఎస్ లాంటిది) రాస్తున్నారా? డీబగ్ ప్రింట్లన్నీ ఎస్‌టీడీ ఎర్రర్‌కే (ఎర్రర్ సందేశాల దారి) పంపండి, ఎస్‌టీడీ అవుట్‌లో (మామూలు అవుట్‌పుట్ దారి) పడితే గిట్ వాటినీ జవాబే అనుకుంటుంది. జవాబు రాశాక ఫ్లష్ (బఫర్‌లో ఉన్నది వెంటనే బయటకు పంపడం) చేయడం మర్చిపోతే, అది బఫర్‌లో కూర్చుంటుంది, గిట్ దానికోసం కూర్చుంటుంది, మీరు టెర్మినల్ ముందు కూర్చుంటారు.