బోన్ సిమెంట్ ఎప్పుడు అందించాలి?

కీలు మార్పిడి ఆపరేషన్లలో, కృత్రిమ కీలును ఎముకలో నిలిపి ఉంచే సిమెంట్ కలిపే పని నాది. కొత్త నర్సులకు ముందు చెప్పేది ఒకటే: ఇది జిగురు కాదు. ఎముక సందుల్లోకి దిగి బిగుసుకుంటుంది, అంతే. అందుకే ఎముకను నీటి ధారతో కడిగి, రక్తం, కొవ్వు పోయేలా తుడిచాకే పెట్టాలి.

సాధారణంగా 40 గ్రాముల పొడికి 20 మిల్లీలీటర్ల ద్రవం. గది వేడిగా ఉంటే త్వరగా గట్టిపడుతుంది, చల్లగా ఉంటే సతాయిస్తుంది. ప్యాకెట్ విప్పే ముందే నేను థర్మామీటర్ చూస్తాను. వాక్యూమ్‌లో కలిపితే గాలి బుడగలు తగ్గుతాయి, ఆ ఘాటు వాసన కూడా. ద్రవం పోసిన క్షణం నుంచి టైమ్ పైకి చెబుతూ ఉండండి.

చేత్తో పెట్టే సిమెంట్ అయితే గ్లవ్‌కు అంటుకోవడం మానాకే ఇవ్వాలి. ఒకసారి తొందరపడ్డాను, ముద్ద సర్జన్ వేళ్లకు దారాల్లా సాగింది. ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది!

తుంటి ఆపరేషన్లో తొడ ఎముకలోకి సిమెంట్ ఎక్కించే ముందు మత్తు డాక్టరుకు వినపడేలా చెప్పండి, బీపీ పడిపోవచ్చు. ఇంప్లాంట్ (కృత్రిమ కీలు భాగం) కూర్చున్నాక అంచుల్లో మిగిలింది తీసేసి, గట్టిపడేదాకా కదపకూడదు. టేబుల్ మీద ఉంచిన చిన్న ముద్దను నొక్కి చూస్తుంటాం. ఒంటి వేడికి లోపలిది దానికంటే ముందే బిగుస్తుంది.