మీ ఊరి చరిత్ర, పాటలు రికార్డు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఊరి చరిత్ర అనగానే చాలామంది గుడి దగ్గరి శాసనం వైపు పరుగెత్తుతారు. ఆ రాయి వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది, ముందు మనుషుల దగ్గరికి వెళ్లండి. డెబ్బై దాటినవాళ్ల పేర్లు వాడవాడకూ తిరిగి రాసుకోండి, ఒక్క వాడ కూడా వదలొద్దు. పెద్ద ఇళ్ల అరుగుల మీద విన్నది రాసేసి అదే ఊరి చరిత్ర అనడం నేను చాలా చోట్ల చూశాను, బోనాలకు ముందు నడిచే డప్పు తాతనూ, పీరు ఎత్తే మనిషినీ, చాకలి అవ్వనూ ఎవరూ అడగరు. ఇది చాలా అన్యాయం, పైగా ఊరి సంగతులు సగం వాళ్ల దగ్గరే ఉంటాయి.

పటేల్, పట్వారీ, కరణం పదవులు 1984లో రద్దయ్యాయి. అప్పుడు కొత్తగా పనిలో చేరినవాళ్లకు కూడా ఇప్పుడు అరవై దాటాయి. ఏ కుంట కింద ఏ చేను పారేది, ఏ భూమి ఎవరి మాన్యం అన్నది నోటి మీద చెప్పగలిగేవాళ్లు వీళ్లే కాబట్టి జాబితాలో వీళ్లను పైన పెట్టుకోండి.

"మన ఊరి చరిత్ర చెప్పు తాతా" అంటే "నాకేం తెలుసు బిడ్డా" అనే వస్తుంది. చిన్నవి అడగాలి. పెళ్లయి వచ్చిన కొత్తలో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేదానివి అవ్వా? బొడ్రాయి పండుగకు ముందు నీళ్లు పోసేది ఎవరు? ఓపిక ఉన్నవాళ్లతో చేల గట్ల మీద నడవండి, ఇంట్లో కూర్చుంటే గుర్తురాని చేల పేర్లు అక్కడ వాటంతటవే వస్తాయి. ఏ సంవత్సరం అని మాత్రం అడగొద్దు, రజాకార్ల గొడవప్పటికి నీకు ఊహ తెలుసా, కృష్ణా డెల్టా వైపైతే ఉప్పెనప్పటికి పెద్దోడు పుట్టాడా అని అడగండి. రజాకార్ల గొడవ ముగిసిన పోలీసు చర్య 1948 సెప్టెంబరు, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19 కాబట్టి మిగతా లెక్క మీరు వేసుకోవచ్చు.

ఇళ్లల్లో పాత కాగితాలు ఉంటే అక్కడే ఫొటో తీసి తిరిగి ఇచ్చేయండి. ఫసలీకి (రెవెన్యూ లెక్కల సంవత్సరం) 590, శక సంవత్సరానికి 78 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. తెలుగు సంవత్సరం పేరుతో జాగ్రత్త, ప్రభవ అని ఉంటే 1927 కావచ్చు, 1987 కావచ్చు. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి భూమి రికార్డు) దొరికితే అప్పటి పట్టాదారులు, సాగు చేసేవాళ్ల పేర్లు తెలుస్తాయి. కడప వైపు వాళ్లైతే ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ రాయించిన కైఫీయతుల్లో (ఊళ్ల చరిత్రలు) మీ ఊరు ఉందేమో చూడండి, అక్కడి బ్రౌన్ గ్రంథాలయం వాటిని పుస్తకాలుగా వేసింది.

ఇక పాటలు. నాటు పాట, దంపుడు పాట కుర్చీలో కూర్చోబెట్టి పాడమంటే రెండు చరణాల దగ్గర ఆగిపోతాయి. నాట్లప్పుడే మడి గట్టుకు వెళ్లండి, లేదంటే అవ్వ చేతికి రోకలి ఇచ్చి ఇంకో ఇద్దరిని తోడు నిలబెట్టండి, దెబ్బ పడుతుంటే పాట దానంతటదే సాగుతుంది. మధ్యలో ఆపి అర్థం అడగొద్దు, తర్వాత వినిపించి అడగండి. యాస దిద్దొద్దు, బూతు ఉన్నా తీసేయొద్దు. ఒకే పాట రెండు వాడల్లో రెండు రకాలుగా ఉంటే రెండూ రాయండి.

ఒక కులాన్ని ఆశ్రయించి వాళ్ల కథ చెప్పి బతికే ఆశ్రిత కులాలవాళ్లు ఊళ్లో ఉండరు, వాళ్లు వచ్చే కాలం తెలుసుకుని ఎదురుచూడాలి. పద్మశాలీలకు పటం మీద మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, ఇలా ఒక్కో కులం కథ ఒక్కొక్కరి దగ్గర ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ వాయిద్యం పేరు అందరికీ తెలిసింది, అలాంటివాళ్లు ఇంకెంతమందో ఏ గుర్తింపూ లేకుండా తిరుగుతున్నారు. కథ వాళ్ల బతుకుతెరువు. రికార్డు చేయాలంటే ముందే అడగండి, రోజు కూలీకి తగ్గకుండా డబ్బులివ్వండి, నెట్‌లో పెట్టొద్దంటే పెట్టొద్దు.

ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపి, మొదట్లోనే పాడేవాళ్ల పేరు, ఊరు, తేదీ గొంతుతో చెప్పండి, ఆరు నెలల తర్వాత ఏ ఫైలు ఎవరిదో వెతుక్కునే టెన్షన్ ఉండదు. వాట్సాప్‌లో పంపుకున్నది కాపీ కింద లెక్క కాదు, క్వాలిటీ పోవచ్చు. అసలు ఫైలు మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

రాళ్ల విషయంలో ఒక్కటే బతిమాలుతున్నా. శాసనాలకు, వీరగల్లులకు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) పెయింట్ వేయొద్దు, ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేసే ఇసుక బ్లాస్టింగ్ అసలే వద్దు, అక్షరాలు అరిగిపోతాయి. చీకటి పడ్డాక టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అక్షరాలు బాగా తేలతాయి, అలా ఫొటోలు తీసి మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి.

అంతా టైపు చేశాక అచ్చు వేసే ముందు రచ్చబండ దగ్గర చదివి వినిపించండి. గొడవలవుతాయి, మా తాత అలా చేయలేదంటారు. వాళ్లు చెప్పేదీ పక్కనే రాయండి, ఎవరు చెప్పారో పేరుతో సహా. కోర్టులో నడుస్తున్న భూముల సంగతులు మాత్రం పుస్తకంలోకి రానివ్వకండి. తర్వాత బడికి ఒకటి, పంచాయతీకి ఒకటి, జిల్లా గ్రంథాలయానికి ఒకటి, పాడినవాళ్లందరి ఇళ్లకూ తలా ఒకటి ఇవ్వండి.